వెర్చెల్లి వరికంకుల కుచ్చు

గుప్పెడు వరికంకులతో ఆస్ట్రేలియా ఖండాన్ని గడగడలాడించబోయి, చివరికి నేనొక్కణ్ణే గడగడలాడిన వైనం ఇది. నవ్వుకోండి, ఫర్వాలేదు. మా ఆవిడ సరళ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అప్పటికి మాకు ఆస్ట్రేలియాలో శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్ రాలేదు, వీసాల మీదే ఉన్నాం. సిడ్నీలో, ద పాండ్స్ అనే పేటలో కొత్తిల్లు మాత్రం సిద్ధమైంది. గృహప్రవేశానికి ముందు ఇటలీ చూసొద్దామని వెళ్ళాం. అందరూ రోము అంటారు, వెనిస్ అంటారు. పిజ్జాలు తిని తిని నాలుక అట్టముక్కైపోయిన నేను వెర్చెల్లి అన్నాను. మిలాన్ నుంచి రైల్లో కాస్త దూరం. మనవాళ్ళెవరూ పేరైనా వినని పాత ఊరు, చుట్టూ కనుచూపు మేర వరిచేలు.

ఎర్రిటుకల గోపురాలతో ఎనిమిది వందల ఏళ్ళనాటి చర్చి ఉందక్కడ. సరళ దాని ముందు నోరు తెరుచుకుని నిలబడింది. నేను దానికి వీపు తిప్పి అన్నం ఎక్కడ దొరుకుతుందా అని చూస్తున్నాను. మేం దిగిన ఇంటావిడ ఎలెనా రాత్రికి రిసొట్టో వడ్డించింది. అన్నమే, కానీ పలుకు. ఇంకో రెండు విజిల్స్ రావాలమ్మా అని సలహా ఇవ్వబోతే, సరళ బల్లకింద నా కాలు తొక్కింది.

మర్నాడు కోతకొచ్చిన చేను చూడగానే నాలోని రైతు లేచాడు. నాగలికీ నాకూ ఉన్న చుట్టరికం బొమ్మల పుస్తకం వరకేననుకోండి! చేను యజమానిని సైగలతో అడిగి చేతినిండా కంకులు తెచ్చుకున్నాను. గుమ్మానికి పిచ్చుకల కోసం వరికంకుల కుచ్చు కట్టకపోతే అదీ ఒక ఇల్లేనా? సరళ ఊరంతా చూసొచ్చేలోగా, మా నాన్న నేర్పిన అల్లికతో గదిలో కూర్చుని కుచ్చు అల్లేశాను. గృహప్రవేశం నాడు చూసి మురిసిపోవాలని ఆవిడ పట్టుచీర మడతల్లోనే దాచాను.

విత్తనాలు ఆస్ట్రేలియాకి తేకూడదని తెలియదా అంటారా? తెలుసు. కానీ ఇది విత్తనమా? అలంకారం! నా లా పాయింటు ముందు సుప్రీంకోర్టు లాయర్లు దిగదుడుపు.

సిడ్నీ ఎయిర్‌పోర్టులో ఒక బుల్లి కుక్కను చూడగానే ఆ లా పాయింటు ప్రాణం విడిచింది. సరళ రెండో సూట్‌కేసు కోసం బెల్టు దగ్గరుంది. నిజానికి కుక్క నావైపే రాలేదు, ఎవరిదో సంచీలో యాపిల్‌ని వాసన చూస్తోంది. నా కళ్ళకు మాత్రం అది మా వీసాల్ని నోట కరుచుకుపోయే సింహం. వరికంకుల దొంగ అని ఎవరూ అనకముందే జేబులు తడుముకుంటూ ఆఫీసరు ముందు వాలాను.

"సర్, ఐ హావ్ రైస్. ఫర్ స్పారోస్. వీసా మాత్రం ముట్టుకోకండి" అన్నాను, సగం తెలుగులోనే.

"నో వర్రీస్, మేట్" అని ఆయన సూట్‌కేసు విప్పాడు. పట్టుచీర దులిపాడు. నా బనియన్లు దులిపాడు. కంకి మాట దేవుడెరుగు, గింజైనా రాలలేదు. దొంగ ఉన్నాడు, సొత్తు లేదు. ఆయన నావైపు జ్వరం చూడబోయే డాక్టరులా చూశాడు.

అంతలో సరళ వచ్చింది. "ఏం చేశారండీ?"

"కుచ్చు..."

"అదా? సర్దుతుంటే దొరికింది. ఎలెనా గుమ్మానికి కట్టేసి వచ్చాను."

"ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెబితే మళ్ళీ ఆ చేలోకి పరిగెత్తేవారు."

పరిగెత్తేవాణ్ణే. సరళ ఆఫీసరుతో, ఈయన బాగా అలిసిపోయారని చెప్పి క్షమాపణ కోరి నన్ను బయటికి లాక్కొచ్చింది. కార్ పార్కులో పీల్చిన ఆ మొదటి గాలి ఉందే, అమృతం కూడా దాని ముందు చల్లారిన కాఫీ.

గృహప్రవేశం నాడు ఎలెనా ఫోటో పంపింది. కుచ్చుమీద రెండు పిచ్చుకలు. మంచిదే అయింది, మా వీధిలో తిరిగే కాకటూ చిలకలైతే కుచ్చుతోపాటు గుమ్మాన్నీ నమిలేసేవి.

కనుక ఆ రెండు పిచ్చుకల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ ఊరు వెళ్ళినా, సంచీలో గడ్డిపోచ ఉన్నా, బుర్రలో బ్రహ్మాండమైన ఆలోచన ఉన్నా, తప్పక డిక్లేర్ చేస్తాను. ఆఫీసరుకి తర్వాత, ముందు సరళకి.