బావ తిట్టడం మానేశాడు

మా బావకి వీధిలో పేరు మిరపకాయ టైలరు. కొలతలిస్తూ పొట్ట లోపలికి పీల్చుకున్న పెద్దమనిషిని, "ఊపిరి వదలండి, ఆ పొట్ట మీదే కదా చొక్కా వేసుకునేది!" అని పదిమందిలో కడిగేసేవాడు. ఇంట్లో అయితే చెప్పక్కర్లేదు. పనికి మాత్రం వంక పెట్టలేం. అందుకే జనం తిట్లు తిని మరీ వచ్చేవారు.

అలాంటి బావకి పక్షవాతం వచ్చింది. మాట పూర్తిగా తిరిగొచ్చింది, కాలు కుంటుతూ వచ్చింది, కుడి చెయ్యి మాత్రం కత్తెర పట్టేంత రాలేదు. దుకాణం కొడుకు చేతికి పోయింది. బావ కుట్టుమిషను పక్కన కుర్చీలో కూర్చునేవాడు. పెట్టింది తినేవాడు, లేవమంటే లేచేవాడు. "ఎంత నెమ్మదస్తుడయ్యాడో!" అని చుట్టాలు ఒకటే మెచ్చుకోవడం. మా అక్క మొహం తేటపడింది, కాస్త ఒళ్ళు కూడా చేసింది. ఆ ఇంట్లో సంబరం చూస్తే నాకు కంపరం పుట్టేది.

ఒకరోజు నేను దుకాణానికి వెళ్ళేసరికి మేనల్లుడు తల పట్టుకుని ఉన్నాడు. బట్ట తిరగెయ్యకుండా కోసి, కోటుకి రెండూ ఎడమ చేతులే కత్తిరించాడు. బావ కళ్ళముందే కోశాడట.

"చెప్పొచ్చుగా బావా?"

"ఏదైతే ఏంలే."

నాకు భయం వేసింది. ఆ మనిషి నోట రావలసిన మాట కాదది.

మర్నాడు వీధి చివరి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కా వెంట వచ్చింది. అక్కడ ఎప్పుడూ బీపీ చూసి మాత్రలు రాసేవారు, ఏమడిగినా అక్కే జవాబు చెప్పేది. ఈసారి కొత్త డాక్టరమ్మ. నిద్ర పడుతోందా అని ఆవిడ బావనడిగితే, "హాయిగా పడుకుంటారండీ" అంది అక్క. డాక్టరమ్మ అక్కని బయట కూర్చోమంది.

"చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగింది.

"దానికీ ఓపిక లేదమ్మా" అన్నాడు బావ.

పక్షవాతం తర్వాత చాలామందికి ఇలా దిగులు పట్టుకుంటుందని, ఇదీ జబ్బేనని, మందుందని అక్కని పిలిచి మరీ చెప్పింది. మాత్ర పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది, నన్నడగకుండా ఆపొద్దు, చేతికి వ్యాయామం మానొద్దు, మళ్ళీ తీసుకురండి అంది.

కొన్నాళ్ళకి బావ ఎడమచేత్తో సుద్ద పట్టి గీతలు గీయడం మొదలెట్టాడు. ఓ పొద్దున కాఫీ నోట్లో పోసుకుని, "ఇది కాఫీయా, కుడితా?" అన్నాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆ వారమే కాలరు వంకరగా కుట్టాడని కొడుకుని దుకాణంలో అందరిముందూ ఉతికేశాడు.

తర్వాత పనిమీద కొన్నాళ్ళు ఊళ్ళో లేను. తిరిగొచ్చి వాళ్ళింటికి వెళ్తే బావ మళ్ళీ కుర్చీలో, గోడకేసి చూస్తూ ఉన్నాడు.

"ఆ మాత్రలు వేడిచేశాయిరా, మళ్ళీ ఒకటే చిర్రుబుర్రులు. బీపీవి ఇస్తున్నాలే, అవి మాత్రం తీసేశా" అంది అక్క వంటింట్లో.

"బుద్ధుందా నీకు? మనిషి బాగుపడుతుంటే..."

"ఎవరికి బాగు? పెళ్ళైన దగ్గర్నుంచి పడ్డాను ఆ నోరు. నువ్వు ఒక్క పూట పడి చూడు!"

అక్క మీద చెయ్యి చేసుకుందామన్నంత కోపం వచ్చింది. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు, అందుకే ఇంకా మండింది.

బావ దగ్గరికెళ్ళి, "లే, డాక్టరమ్మ దగ్గరికి పోదాం. అక్క నీ మాత్ర ఆపేసింది" అన్నాను.

"తెలుసు."

"తెలిసీ అడగలేదా?"

"మీ అక్క నవ్వుతోందిరా. నేనిలా ఉంటేనే నవ్వుతోంది. వదిలెయ్."

చొక్కా తెచ్చి భుజాల మీద వేశాను, రెండు చంకల కిందా చేతులు పెట్టి లేపబోయాను. లేవలేదు. వంటింట్లో అక్క ఏదో కూనిరాగం తీస్తోంది.