అక్కకు చెప్పాల్సిన మాట

ఆ వీధిలో ఇస్త్రీ కొట్టు నడిపేది ఇద్దరు అక్కచెల్లెళ్ళు. అక్క ఇస్త్రీ చేస్తుంది, చెల్లెలు మాట్లాడుతుంది. పని అలా పంచుకున్నారనుకునేరు, పంచింది వాళ్ళు కాదు. అక్కకు పుట్టుచెవుడు. వినబడని మనిషికి మాటెక్కణ్ణుంచి వస్తుంది, అదీ రాలేదు. దాంతో ఇద్దరి వాటా మాటలూ చెల్లెలే మాట్లాడేది. ఇంకో ఇద్దరి వాటా కూడా కలిపేస్తుందని గిట్టనివాళ్ళు అనేవారు.

ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు, మధ్యలో అడ్డంగా ఒక పాత దుప్పటి. ఇస్త్రీపెట్టె వేడెక్కిందో లేదో అందరూ నీళ్ళు చిలకరించి చుయ్యిమనే చప్పుడుతో తెలుసుకుంటారు. అక్క నీటిచుక్కను చూసేది. చుక్క పెట్టెకు అంటుకుని ఆవిరైపోతే ఒక రకం బట్ట తీసేది, పూసలా దొర్లి కింద పడితే ఇంకో రకం. కాలరుతో మొదలుపెట్టి చేతుల మీదుగా వెన్నుకొచ్చేసరికి చొక్కా కొత్తదైపోయేది. ఆ పనిలో ఆమెకు వంక పెట్టినవాడు లేడు.

వంకల్లా ఒక్కటే, తలూపడం. కొత్తవాళ్ళ పెదాలు కదిలితే చాలు, ఊపేసేది. ‘సాయంత్రానికి కావాలి’ అన్నా ఊపేది, ‘గంజి పెట్టొద్దు’ అన్నా ఊపేది, ‘మొన్నిచ్చిన చొక్కా ఏది?’ అన్నా అంతే హుందాగా ఊపేది. తలూపితే మనుషులు తొందరగా వెళ్ళిపోతారని, ఊపకపోతే ముఖంలో ముఖం పెట్టి నోరు ఇంకా పెద్దగా తెరుస్తారని చిన్నప్పుడెప్పుడో కనిపెట్టింది పాపం. సాయంత్రం వాళ్ళొచ్చి “మీ అక్క ఇస్తానంది కదమ్మా!” అని నిలదీస్తే చెల్లెలికి తల ప్రాణం తోకకొచ్చేది.

వాళ్ళిద్దరి మధ్యా సైగలుండేవి. వాళ్ళమ్మ కల్పించినవి కొన్ని, ఆడుకుంటూ వీళ్ళు కల్పించుకున్నవి కొన్ని. బుగ్గ మీద రెండు వేళ్ళు ఆనిస్తే అమ్మ. అరచెయ్యి బోర్లిస్తే చచ్చిపోవడం. ఆకలి, నీళ్ళు, కోపం, నిద్ర, పక్కింటి గయ్యాళి, అన్నిటికీ సైగలున్నాయి. దేవుడికి లేదు. వాళ్ళింట్లో ఎవరికీ ఆ అవసరం పడలేదు. అమ్మ పోతూ పోతూ పెద్దదాని చెయ్యి చిన్నదాని చేతిలో పెట్టింది. తర్వాత చిన్నదానికి ఒక సంబంధం వచ్చింది. “మా అక్క కూడా నాతో వస్తుంది” అంది. అంతే, ఆ సంబంధం మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. దానికి ఆమె ఏడ్చిందనీ కాదు. వరసకు అక్క అయినా, నడివయసు వచ్చేసరికి చెల్లెలికి కూతురు లాంటిదైపోయింది.

చెల్లెలు ప్రార్థన మందిరానికి వెళ్ళడం ఇస్త్రీ మడతల వల్లే మొదలైంది. బజార్లో మందుల షాపు మేడ మీద ఒక హాలు. అక్కడి పాస్టరు గారి తెల్లచొక్కాలు ఆదివారం పొద్దున్నే ఇచ్చి రావాలి. ఒక ఆదివారం పాట వినబడి మెట్ల మీద ఆగింది, ఇంకో ఆదివారం వెనక వరసలో కూర్చుంది, ఆ తర్వాత చొక్కాలు లేకపోయినా వెళ్ళడం మొదలుపెట్టింది. తన సంగతి తెలిసినవాడు, తనను ప్రేమించినవాడు ఒకడున్నాడన్న మాట ఆమెను పట్టుకుంది. ఒంటరిగా బతుకు లాగినవాళ్ళకు ఆ మాట ఎంత పనిచేస్తుందో, లాగనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకుంది. ఆ రోజు ఇంటికొచ్చి అక్కను కావలించుకుంటే, తడిబట్టలతో ఏంటీ వేషం అన్నట్టు అక్క చూసింది.

కొన్నాళ్ళు హాయిగానే గడిచింది. ఒక ఆదివారం పాస్టరు గారు, ప్రభువును నమ్మడం తప్ప రక్షణకు ఇంకో దారి లేదని గట్టిగా చెప్పారు. ముందు వరసలో ఒక కుర్రవాడు లేచి, “అసలు ఈ సువార్తే వినకుండా చచ్చిపోయినవాళ్ళ సంగతేంటండీ?” అని అడిగాడు. “అందుకే మనం వెళ్ళి చెప్పాలి. చెప్పకపోతే వాళ్ళు నశించిపోతారు” అన్నారాయన. అందరూ తలలు పంకించారు. ఎక్కడో అడవుల్లో, దీవుల్లో ఉన్నవాళ్ళ గురించి అనుకున్నారు వాళ్ళు. చెల్లెలికి మాత్రం దుప్పటి వెనక నిద్రపోతున్న మనిషి కళ్ళముందు నిలబడింది. గుండెల్లో రాయి పడింది.

ఆ రాయి చాలదన్నట్టు అక్క కాళ్ళకు నీరు పట్టింది. డాక్టరు గుండె చూసి చెల్లెల్ని పక్కకు పిలిచాడు. “బాగా అలిసిపోయిందమ్మా గుండె. మందులిస్తాను. కానీ ఎక్కువ రోజులు ఆశ పెట్టుకోవద్దు” అన్నాడు.

ఆ రాత్రే చెల్లెలు మందిరం వాళ్ళిచ్చిన కేలండరు తీసింది. అందులో సిలువ మీద ప్రభువు బొమ్మ ఉంది. అక్క ముందు కూర్చుని, బొమ్మను చూపించి, ‘మంచివాడు’ అంది సైగతో. ‘నీ కోసం’ అంది. ‘దెబ్బలు’ అంది. అక్క బొమ్మను దగ్గరికి తీసుకుని మేకులు దిగిన చేతులు చూసింది. ముఖమంతా ముడుచుకుపోయింది. లేచి వెళ్ళి ఇస్త్రీపెట్టె తగిలినప్పుడు రాసుకునే కాలినగాయాల మందు తెచ్చింది. ఎక్కడున్నాడు ఈ మనిషి, పద వెళ్దాం, అన్నట్టు గుమ్మం వైపు చెయ్యి చూపించింది.

చెల్లెలికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కాదు, కాదు అని మళ్ళీ మొదలుపెట్టింది. ‘చచ్చిపోయాడు’ అని అరచెయ్యి బోర్లించింది. ‘లేచాడు’ అని దాన్ని వెల్లకిలా తిప్పింది. ఆ సైగ అంతకుముందు వాళ్ళ మధ్య లేదు. అక్క చాలాసేపు ఆ చేతినే చూసింది. తర్వాత తన అరచెయ్యి బోర్లించి, తిప్పి, రెండు వేళ్ళు బుగ్గకు ఆనించి, కళ్ళింత చేసుకుని చూసింది. అమ్మ కూడానా?

అవునందామా కాదందామా అని చెల్లెలు నలిగిపోయింది. నిజానికి ఎటు చెప్పడానికీ ఆమె దగ్గర సరుకు లేదు. అమ్మ మాత్రం ఆ సువార్త ఎక్కడ విన్నది? ఆ తటపటాయింపునే అక్క అవుననుకుంది. మర్నాటి నుంచి వంట కాగానే మూడో కంచం పెట్టడం మొదలుపెట్టింది. బరువెక్కిన కాళ్ళను ఈడ్చుకుంటూ మాటిమాటికీ వీధిలోకి తొంగిచూసేది. అమ్మ రాదని చెల్లెలు చెప్పాల్సొచ్చింది. ఒకసారి చచ్చిపోయిన అమ్మను రెండోసారి చంపడమంటే అదే. అక్క కంచం తీసి బోర్లించి, చెల్లెలి వైపు వీపు తిప్పుకుని పడుకుంది. ఆ తర్వాత కేలండరు తీస్తే చాలు, తల పక్కకు తిప్పేసుకునేది.

చెవిటి పిల్లల బడిలో టీచరమ్మను చెల్లెలు కాళ్ళావేళ్ళా పడి ఇంటికి తీసుకొచ్చింది. ఆవిడ మంచిది, పలకా బొమ్మలూ పట్టుకుని మూడు నాలుగుసార్లు వచ్చింది. చివరికి, “చిన్నప్పుడే నేర్పించాల్సిందమ్మా. ఇప్పుడు కూర గురించో వాన గురించో చెప్పగలం. నువ్వు చెప్పాలనుకునేది ఏ బొమ్మలో చూపించను?” అని చేతులెత్తేసింది.

సంగతి పాస్టరు గారి దాకా వెళ్ళింది. ఆయన సంఘంలోని నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ఇంటికొచ్చారు. అక్క మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుంది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, ప్రతి మాటా విడివిడిగా పలికారు. “నువ్వు పాపివని ఒప్పుకుంటున్నావా?” అక్క తలూపింది. “ప్రభువు నీ కోసం చనిపోయి తిరిగి లేచాడని నమ్ముతున్నావా?” తలూపింది. “బాప్తిస్మం కావాలా తల్లీ?” మరీ గట్టిగా ఊపింది.

“స్తోత్రం!” అని ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. పాస్టరు గారి కళ్ళు చెమర్చాయి. రోగి కాబట్టి ముంచకుండా తల మీద నీళ్ళు పోద్దామన్నారు. చెంబు చూడగానే అక్క తలస్నానం అనుకుంది. ముడి విప్పుకుని, కిటికీలో ఉన్న సబ్బుపెట్టె కేసి వేలు చూపించింది. ఆడవాళ్ళు ముచ్చటపడి నవ్వారు, పాట అందుకున్నారు. చెల్లెలు తువ్వాలు పట్టుకుని నిలబడింది. ఇంతమంది సంతోషాన్ని ఏమని చెప్పి చెడగొడుతుంది?

కానీ దాచుకుని బతకడమూ చేతకాలేదు. మర్నాడు మందిరం మెట్లెక్కింది.

“పాస్టరు గారూ, మా అక్క అందరికీ అలాగే తలూపుతుందండీ. చొక్కాలు తెచ్చినవాళ్ళకీ అంతే. మీరు తొందరగా వెళ్ళిపోతారని ఊపింది.”

ఆయన ముఖంలో రంగు మారింది. కోప్పడతారనుకుంది. కోప్పడలేదు, కుర్చీలో కూలబడ్డారు.

“మరి నిన్ననే ఎందుకు చెప్పలేదమ్మా?”

“మీరందరూ ఏడుస్తున్నారండీ, సంతోషంతో.” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “నిజం చెప్పండి. ఇప్పుడు మా అక్క పోతే ఎక్కడికెళ్తుంది?”

ఇరవయ్యేళ్ళుగా వందల ప్రసంగాలు చేసిన మనిషి. కిటికీ వైపు తిరిగారు. “దేవుడు అన్యాయం చేయడమ్మా. అంతవరకే తెలుసు నాకు. మిగతాది తెలియదు” అన్నారు. మంచి మాటే. కానీ పట్టుకుని ఇంటికి వెళ్ళడానికి అది చాలలేదు. ఆమె మెట్లు దిగి వచ్చేసింది.

అక్క ఒక మధ్యాహ్నం పోయింది. చెల్లెలు ముందు గదిలో ఎవరి పంట్లాము లెక్కో తేలుస్తోంది. దుప్పటి తప్పించి చూసేసరికి ఊపిరి లేదు. అక్క పిలవలేదు. పిలవడం ఆమెకెప్పుడొచ్చు గనక.

సమాధి దగ్గర పాస్టరు గారు మన సహోదరి ప్రభువు సన్నిధికి చేరిందన్నారు. ఆ మాట అంటున్నప్పుడు చెల్లెలి వైపు చూడలేకపోయారు. ఆదివారం హాల్లో అక్కను తలుచుకుంటూ ఆదరణ కూటం పెట్టి, చివర్లో ఆమెను ప్రార్థన చేయమన్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. చెల్లెలు లేచి నిలబడింది.

“ప్రభువా,” అంది, “నాకు చేతనైనంతా చేశాను. నీ గురించి చెప్పడానికి నా చేతులు చాల్లేదు. ఆ చెవులు చేసింది నువ్వు, నేను కాదు. అక్క నీ దగ్గరికొస్తే నన్ను నమ్మావా లేదా అని అడక్కు. నువ్వడిగేది అక్కకి తెలీదు. ఊరికే తలూపుతుంది. అది చూసి అవుననుకోకు, కాదనీ అనుకోకు. కొత్తచోటంటే మా అక్కకి భయం. ఎవరు పెదాలు కదిపినా ముందు నా వైపు చూస్తుంది, ఏమంటున్నారే అని. ఇప్పుడు కూడా చూస్తూనే ఉంటుంది. నేనక్కడ లేను. ప్రభువా, నేనక్కడ లేను కదా.”

అంతకుమించి రాలేదు. ఎవరైనా ఆమేన్ అంటారేమోనని కాసేపు నిలబడి, తర్వాత బెంచీ మీద కూర్చుండిపోయింది.