నల్లజీడి నూనె పూసిన పడవ

మంథనిలో మా ఇల్లు గోదావరికి ఇవతల, అక్క అత్తగారిల్లు అవతల. ఆ ఏడు అక్కకు నెలలు నిండుతున్నాయి. వానలు పడి నది పొంగకముందే, కాన్పు చూసుకోవడానికి మా అమ్మను, అదే అవ్వను, అక్కడికి చేర్చాలి. రేవులో పడవ నడిపే ముసలాయన మనుషులు నిండితే తప్ప కదలడు. ఒకసారి అవ్వను పొద్దంతా ఎండలో కూర్చోబెట్టాడు. ఆ కోపంతో నేనే టేకు పలకలతో చిన్న పడవ చేశాను. చెక్క నీళ్లు తాగకుండా ఏం పూయాలన్నదే తేలలేదు.

పాలు తాగబోయే ముందు కూడా నీళ్లెన్ని కలిపారోనని చూసే బుద్ధి నాది. పెద్దపల్లి దుకాణదారు వార్నిష్ డబ్బా చూపిస్తే, అంత మెరిసేదాన్ని నమ్మలేక వదిలేశాను. గుగ్గిలం కొని, కల్తీదేమోనని సగం కాల్చి వాసన చూశాను. చివరికి రోడ్లకు పోసే డాంబర్ తెచ్చాను.

ముసలాయన వచ్చి పడవ చుట్టూ తిరిగాడు.

“డాంబర్ ఎండకు పగుల్తది. నల్లజీడి నూనెల గుగ్గిలం కాచి పుయ్యి. చేతులు జర పైలం.”

ఆ నూనె తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుందని చిన్నపిల్లలకూ తెలుసు. పైగా నా పడవ తిరిగితే ఆయన గిరాకీ తగ్గుతుంది. ఇంత ప్రేమ ఎందుకో నాకు తెలియదా?

“మా అవ్వ ఎక్కే పడవ. నీకెందుకు తాతా ఫికర్?” అని పంపేశాను.

మరునాడు కుంచె కొనుక్కొచ్చేసరికి పడవ అడుగంతా నల్లగా, జిగటగా ఉంది. ముసలాయన వచ్చి పూసిపోయిండని అవ్వ చెప్పింది. చెడగొట్టాడురా అనుకుని, గాజుపెంకుతో బారెడు మేర గీకేశాను. తెల్లారేసరికి నా చేతులు, మొహం వాచిపోయాయి. ముసలాయన్ని నిలదీద్దామని ఆయన ఇంటికి పోయాను.

అరుగు మీద కూర్చున్నాడు. రెండు చేతులకూ మోచేతుల దాకా గుడ్డలు చుట్టి ఉన్నాయి. భార్య అంబలి తాగిస్తోంది.

“నీకే గాదు, నాకు సుత గా నూనె పడది. మా పడవకు తమ్ముడే పూస్తడు” అన్నాడు సిగ్గుపడుతూ.

“మరి నాదానికెందుకు పూసినవ్?”

“మీ అవ్వ ఎక్కుతదంటివి గద. నడి గంగల నీళ్లొస్తే ఏం జేస్తవ్?”

సిగ్గుతో చచ్చిపోయాను. గీకేసిన సంగతి తల వంచుకుని చెప్పాను. తిట్టలేదు.

“ఎంత జాగ గీకినవ్?” అని అడిగి, భార్యతో “గా మిగిలిన నూనె తే” అంటూ లేవబోయాడు.