కంప్యూటరు వేసిన వినాయకుడు

ఆ రోజుల్లో కంప్యూటరుకి ఒక బొమ్మ వెయ్యమని చెప్పి, మనం కాఫీ తాగి, లాండ్రోమాట్‌లో బట్టలు ఉతుక్కుని, అవి ఆరాక మడతపెట్టుకుని తిరిగొచ్చినా అది ఇంకా పై వరుసల్లోనే తడుముకుంటూ ఉండేది. ఇప్పటి పిల్లలకి ఈ మాట చెబితే నేనేదో ఎద్దుబండి దిగి వచ్చినట్టు జాలిగా చూస్తారు. నాకు మాత్రం ఆ నిదానమే ఇష్టంగా ఉండేది. ఎనభైల చివర, నార్త్ కరోలినాలో మోరిస్‌విల్ పక్కన (అప్పుడక్కడ ఇళ్ళకంటే పైన్ చెట్లు ఎక్కువ, మనవాళ్ళకంటే లేళ్ళు ఎక్కువ) ఒక చిన్న కంపెనీలో నా మొదటి ఉద్యోగం. పెళ్ళి కాలేదు, వంట రాదు, ఉన్నదల్లా ఫ్రాక్టల్ పిచ్చి. ఫ్రాక్టల్ అంటే పెద్ద విద్యేమీ కాదు. ఒక చిన్న లెక్క చేసి, వచ్చిన జవాబుతో అదే లెక్క మళ్ళీ మళ్ళీ చేయించి, ఒక్కో చుక్కా నలుపో తెలుపో తేలుస్తూ పోతే బొమ్మ దానంతటదే వస్తుంది. దాని అంచుని దగ్గరగా చూస్తే అందులో అలాంటి బొమ్మలే పిల్లలూ మనవలూ అన్నట్టు బయటపడతాయి. మొదలుపెట్టే ముందు ప్రోగ్రాము రెండే రెండు ప్రశ్నలు అడిగేది. బొమ్మ ఎంత పెద్దది కావాలి? ఒక్కో చుక్క దగ్గర లెక్కని ఎన్నిసార్లు తిప్పాలి? మొదటిది సైజు, రెండోది స్పష్టత. రెండూ పెంచితే రోజులు పట్టేది, రెండూ తగ్గిస్తే ముద్ద వచ్చేది. ఒకటి పెంచి ఒకటి తగ్గిస్తే ఏమొస్తుందో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

ఆదివారం భోజనం డాక్టరాంటీ ఇంట్లో. (డాక్టరు ఆవిడ కాదు, ఆయన. కాని ఇల్లూ ఊరూ నడిపేది ఆవిడే కాబట్టి బిరుదు కూడా ఆవిడకే దక్కింది.) మా ఊరి తెలుగు సంఘం ఏటా ఒక స్కూలు కెఫెటేరియా అద్దెకు తీసుకుని ఉగాది చేసేది. స్టేజీ వెనక కట్టే తెల్ల దుప్పటి మీద వినాయకుడి బొమ్మ వెయ్యటం, సంఘం పుట్టిననాటి నుంచీ డాక్టరాంటీ హక్కు. ఆ ఏడాది డ్రైవ్‌వేలో మంచు మీద జారిపడి ఆవిడ కుడి చెయ్యి పిండికట్టులో ఉంది. ఇదే అదనుగా సంఘం అధ్యక్షులవారు భోజనానికి వచ్చి, "ఈసారికి పార్టీ స్టోర్‌లో రెడీమేడ్ కర్టెన్ కొనేద్దామండీ, హవాయి బీచ్‌ది ఒకటి చూశాను, ఫస్ట్ క్లాస్‌గా ఉంది" అన్నారు.

"ఉగాదికి హవాయి ఏవిటండీ?" అంది ఆంటీ. ఆయన వెళ్ళాక నావైపు తిరిగి, "ఈ ఏడు నా చెయ్యి బాలేదని కొబ్బరిచెట్లు పెడితే, వచ్చే ఏడు చెయ్యి బాగుపడ్డా కొబ్బరిచెట్లే ఉంటాయి, చూస్తూ ఉండు. నన్ను గారెలు వండమంటారు, అంతే" అంది. ఆవిడ కళ్ళు చెమర్చడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. పప్పుచారు కలుపుకుంటున్నవాణ్ణి, నా నోరు ఊరుకోలేదు. "నేను వేయిస్తానాంటీ, కంప్యూటరు చేత" అన్నాను.

వినాయకుడిని వెయ్యటం నాకు రాదు, నా కంప్యూటరుకి అసలే రాదు. స్టేజీకి ముగ్గులాంటి అలంకారం ఏదో అవుతుందిలే అనుకుని, సైజూ స్పష్టతా రెండూ తగ్గించి, మచ్చుకి ఒక ఫ్రాక్టల్ తీసి, అంచులకి చిల్లులుండే కాగితం మీద ప్రింటు చేసుకుని పట్టుకెళ్ళాను. హైస్కూల్లో చదివే ఆంటీ కూతురు దాన్ని అడ్డంగా పట్టుకుని చూసి, "అంకుల్, ఇట్ లుక్స్ లైక్ ఎ బగ్" అంది. (నా వయసుకి ఆ 'అంకుల్' బొమ్మకంటే ఎక్కువ గుచ్చుకుంది.) ఆంటీ ఎడం చేత్తో కాగితం లాక్కుని నిలువుగా తిప్పింది. "బగ్ ఏవిటే నీ మొహం! ఇదిగో పెద్ద బొజ్జ, ఇదిగో తల, రెండు పక్కలా చేతులు, పైన కిరీటం. స్వామే!" అని, అక్కడికక్కడే కుంకుమ బొట్టు పెట్టి దేవుడి అరలో నిలబెట్టేసింది. "అచ్చం ఇదే, కాస్త పెద్దగా, క్లియర్‌గా వెయ్యి నాన్నా, చాలు" అంది. చూడగా చూడగా నాకూ వినాయకుడే కనిపించాడు.

కాస్త పెద్దగా, కాస్త క్లియర్‌గా. చెప్పటానికి ఎంత సులువు! ఆ మచ్చు బొమ్మనే సాగదీస్తే స్వామి బొజ్జ చుట్టూ మెట్లు మెట్లుగా ఇటుకలు లేచాయి. సరే, స్పష్టత పెంచుదామని లెక్క ఎక్కువసార్లు తిప్పితే బొజ్జ చిక్కింది, కిరీటం మీద మీసాలు మొలిచాయి. ఇంకా పెంచితే ఒళ్ళంతా నూగు, ఆ నూగు చివర చిన్న చిన్న పురుగులు, వాటికి మళ్ళీ నూగు. ఎంత క్లియర్‌గా వేస్తే అంతగా స్వామి మాయమైపోతున్నాడు. బుర్ర తిరిగిపోయి ఆంటీకి ఫోన్ చేశాను.

"ఆంటీ, మీకు పెద్దగా కావాలా, క్లియర్‌గా కావాలా?"

"రెండూను."

"రెండూ అయితే వినాయకుడు ఉండడాంటీ."

"ఎక్కడికెళ్తాడు నాన్నా?"

పోనీ అధ్యక్షులవారిని అడుగుదామని వెళ్తే, "మనందరం ఇంజనీర్లం కదండీ. మన బొమ్మ బ్లర్‌గా ఉంటే పరువేం కావాలి? ఫుల్ షార్ప్‌గా కొట్టండి!" అన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారుగాని, ఆ పూట ఎవరేం చెప్పినా వినే స్థితిలో ఉన్నాను నేను. రెండు ప్రశ్నలకీ పెద్ద పెద్ద జవాబులిచ్చి, 'ముట్టుకోవద్దు' అని చీటీ అంటించి, ఆఫీసు కంప్యూటర్ని వారాంతమంతా దాని ఖర్మకి వదిలేశాను. సోమవారం మా మేనేజరు వచ్చి, తెర మీద పాకుతున్న వరుసల్ని కాసేపు చూసి, "ఇది మీ మతానికి సంబంధించినదా?" అని మెల్లిగా అడిగాడు. అవునన్నాను. పాపం, పక్క మెషీన్ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

ఉగాదినాడు ప్రింటు చేసిన కాగితాలన్నీ అతికించి స్టేజీ వెనక కట్టాం. స్పష్టతకి వంక పెట్టడానికి లేదు, ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. వినాయకుడిని చేయబోతే కోతి అయిందంటారు. నాకు కోతి అయినా దక్కలేదు, గోడంత పురుగు దక్కింది, పిల్లాపాపలతో సహా. పట్టుచీర కట్టుకుని, పిండికట్టు మీద పైటకొంగు కప్పుకుని ముందు వరుసలో వచ్చి కూర్చున్న ఆంటీ చాలాసేపు చూసి, "నాన్నా, స్వామేడీ?" అంది. తిట్టినా బాగుండేది. అధ్యక్షులవారు ఇలాంటిదేదో జరుగుతుందని ముందే ఊహించి కారు ట్రంకులో పెట్టుకొచ్చిన హవాయి కర్టెన్ తేవటానికి హుషారుగా బయల్దేరారు.

ఎవరికీ మొహం చూపించలేక హాలు చివర కాఫీ డ్రమ్ము వెనక నక్కాను. కప్పు నింపుకుని, బొమ్మ ఇంకెంతసేపు ఉంటుందిలే అని ఒకసారి స్టేజీవైపు చూశాను. చూస్తే స్వామి! బొజ్జా, తలా, కిరీటమూ, నిండుగా, నిమ్మళంగా కూర్చుని ఉన్నాడు. అంతదూరం నుంచి నూగు లేదు, పురుగులు లేవు. కాఫీ ఒలికిపోతున్నా చూసుకోకుండా పరిగెత్తి, ఆంటీని ఎడం చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాను. ఆవిడ నా పక్కన నిలబడి చూసింది. పిండికట్టు చేతికి మంచి చేతిని ఆనించి దణ్ణం పెట్టుకుంది. తర్వాత గట్టిగా గాలి పీల్చుకుని హాలంతా అదిరేలా, "కుర్చీలన్నీ వెనక్కి జరపండి!" అని అరిచింది.

జరిపారు. డాక్టరాంటీ చెబితే జరపనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. సగం హాలు ఖాళీ అయిపోయింది, అందులో పిల్లలు దొంగా పోలీసూ ఆడుకున్నారు. ఆంటీ కూతురి డాన్సు ఎవరికీ సరిగ్గా కనపడలేదు, పంచాంగ శ్రవణం ఎవరికీ సరిగ్గా వినపడలేదు. స్వామి మాత్రం అందరికీ కనిపించాడు. ముందు వరుస కుర్చీ తన పదవితోపాటు వచ్చిందని నమ్మిన అధ్యక్షులవారు ఒక్కరే కదలకుండా, మడత విప్పని కొబ్బరిచెట్లు ఒళ్ళో పెట్టుకుని, సాయంత్రమంతా పురుగుల్ని చూస్తూ కూర్చున్నారు. మరుసటి ఏడాది దుప్పటీ, రంగులూ మళ్ళీ ఆంటీ చేతికే వచ్చాయి.

ఇన్నేళ్ళ తర్వాత, మొన్న ఆష్‌బర్న్‌లో కూతురి దగ్గర ఉంటున్న ఆంటీని చూడ్డానికి వెళ్ళాను. (ఆ కూతురి పిల్లలు నన్ను తాతగారూ అన్నారు. ఈసారి గుచ్చుకోలేదు.) దేవుడి అరలో, కుంకుమ మరకతో, అంచు చిల్లులు కూడా చింపని ఆ మచ్చు కాగితం అలాగే ఉంది. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని వంగి చూశాను. మెట్లు, ఇటుకలు, చుక్కలు. కాస్త ఇలా, కాస్త అలా జరిగి చూశాను. అవే ఇటుకలు.

"జోడు తీసెయ్యి నాన్నా" అంది ఆంటీ వెనకనుంచి. "అప్పుడు నీ కళ్ళు మరీ మంచివి, అందుకే అంత అవస్థపడ్డావు."

తీశాను. బొజ్జా, తలా, కిరీటమూ. ఈ వయసుకి నాకు అన్నీ ఇలా మసకగానే కనిపిస్తాయని కంటి డాక్టరు దిగులు పెట్టాడుగాని, నాకు నవ్వొచ్చింది. కళ్ళజోడు జేబులో వేసుకుని దణ్ణం పెట్టుకున్నాను.