పాలు పొంగిన బండి

యుద్ధం రోజుల్లో ఒక ఎండాకాలం మా పూరిల్లు కాలిపోయింది. పల్నాడు ఎండలకు పూరిల్లు కాలటం వింత కాదు, నిలబడితేనే వింత. ఆ ఏడు మా వీధిలో ఇంకా కొన్ని కొంపలు అంటుకునేసరికి పంచాయతీ బోర్డు దండోరా వేయించింది. బజారు హద్దుల్లో ఇక గడ్డి కప్పు వేయకూడదు, పెంకుటిల్లే కట్టాలి, ముందు ప్లాను ఇచ్చి పర్మిషను తీసుకోవాలి. పెంకులు ఎవరిస్తారో మాత్రం దండోరావాడికి చెప్పి పంపలేదు.

నేను నాలుగో తరగతిలోనే పంతులుగారి బెత్తానికి దణ్ణం పెట్టి బయటపడ్డవాణ్ణి. బజారులో బిందెలకు, లాంతర్లకు మాట్లు వేసుకుని బతికేవాణ్ణి. ఇల్లు కాలిన రాత్రి మా మేనత్త పంచలో తలదాచుకున్నాం. మర్నాడు నా భార్య ఎడ్లపాడులోని పుట్టింటికి బయల్దేరుతూ ఒకే మాట చెప్పింది.

"తొలకరి పడేలోగా నెత్తిన కప్పుంటే కబురు చెయ్యి. లేకపోతే నన్ను మర్చిపో. మా వదిన మాటలన్నా పడతా గానీ మీ మేనత్త పంచలో తడవను."

ఆవిడ అన్నదంటే అన్నట్టే. పర్మిషను కోసం తిరగటం మొదలుపెట్టాను. ప్లాను గీసేవాడు గుంటూరులో, సిమెంటు కంట్రోల్లో, సంతకం పెట్టే ప్రెసిడెంటుగారు మిరప చేలో. ఈ మూడూ ఒక చోట కలవటం కంటే నేను మళ్ళీ బడికి పోవటం తేలికనిపించింది.

అప్పుడు మా బావమరిది వచ్చాడు. వడ్రంగం అతని పని.

"బావా, రూలు నేల మీద కట్టేదానికే గదా? నేల తాకకుండా కడితే?"

రెండు పాత బండ్ల చక్రాలు నాలుగూ కలిపి, పైన చెక్కలతో ఒక గది బిగించాడు. కిరసనాయిలు డబ్బాలు కోసి, సాపు చేసి, మాట్లు పెట్టి కప్పు నేను వేశాను. ఇద్దరు పడుకుంటే మూడోవాడు కూర్చోవాలి. మధ్యాహ్నం ఆ రేకు మీద అప్పడం పెడితే వేగేది. అయినా కప్పు కప్పే. కాలిపోయిన ఇంటి స్థలంలోనే దాన్ని నిలబెట్టాను.

పంచాయతీ గుమాస్తా వచ్చి చుట్టూ తిరిగాడు.

"ఏందిరా ఇది?"

"బండండీ."

"ఎడ్లేవి?"

"మేతకు పోయినయ్."

అతనికి తెలిసిన రూళ్ళలో ఏదీ దానికి తగల్లేదు. గొణుక్కుంటూ పోయాడు. నేను ఎడ్లపాడు కబురు చేశాను.

ఆవిడ వచ్చింది. గదిని ఎగాదిగా చూసి, లోపలికి ఎక్కకుండా బయటే నిలబడింది.

"రేపు పొద్దున పాలు పొంగిస్తా."

"ఒసే, వద్దే. ఇది బండి. బండి అన్నాను కాబట్టే నిలబడింది. పాలు పొంగిస్తే కొంపయిపోద్ది."

"పాలు పొంగని కొంపలో కాలు పెట్టటానికి నాకేం ఖర్మ? బండయితే దాంతో నువ్వే కాపురం చేసుకో!"

ఏం చేస్తాం? తెల్లారేసరికి మామిడాకుల తోరణం కట్టింది, గడపకు పసుపు రాసింది. వీధి వీధంతా వచ్చి మా గదిలో పట్టక చక్రాల చుట్టూ నిలబడ్డారు. పాలు పొంగాయి. బెల్లం పరమాన్నం దించేసరికి వాసనకో, నా గ్రహచారానికో, గుమాస్తా ప్రత్యక్షం. మా ఆవిడ "రండన్నయ్యా" అంటూ విస్తరాకు వేసింది. అతను మారు కూడా పెట్టించుకుని, చెయ్యి కడుక్కుని, కండువాతో మూతి తుడుచుకున్నాడు.

"పరమాన్నం చానా బాగుందమ్మా. ఏమయ్యా, బండికి గృహప్రవేశం ఎవడన్నా చేస్తాడా? ఇది ఇల్లే. ప్లాను తే."

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ ఎంగిలాకులు ఏరుతోంది.

మర్నాడు అతను కొలతబద్దతో దిగాడు. పక్కింటి గోడకు మూడడుగులు వదల్లేదన్నాడు. నలుగురం పట్టి మూడడుగులు తోశాం.

"అట్టా జరపగూడదయ్యా!"

"మీరే గదా వదలమంది?"

"కట్టేటప్పుడు వదలాల. కట్టినాక ఇల్లు జరగగూడదు."

"జరిగేదయితే బండే గదండీ?"

"బండయితే బజారులో పెట్టగూడదు. బండ్ల దొడ్డికి తోలు."

దొడ్డికాపరి దగ్గరికి పోతే, గడపా కిటికీ ఉన్నదాన్ని దొడ్లో పెట్టుకుంటే తన ఉద్యోగం పోతుందన్నాడు. ఆకాశం అప్పటికే నల్లబడుతోంది. చివరికి మిరప చేలోనే ప్రెసిడెంటుగారి కాళ్ళ దగ్గర తేలాను. ఆయన చుట్ట నోట్లోంచి తీసి తీర్పు చెప్పాడు.

"ఇల్లయితే చక్రాలు పీకు. బండయితే ఎడ్లు కట్టి తోలుకుపో. రేపటికల్లా ఏదో ఒకటి."

చక్రాలు పీకితే ప్లాను కావాలి. అందుకని బావమరిది ఎవరివో ఎడ్లు తెచ్చి కట్టాడు. మా ఆవిడను దిగమంటే దిగలేదు.

"పాలు పొంగించుకున్న ఇంట్లోంచి వారం తిరక్కుండా నేనెందుకు దిగాలి?"

పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగానే ఊరేగింపు బయల్దేరింది. బజారంతా పళ్ళికిలించింది. "ఒదినా, ఏ ఊళ్ళో తిరనాళ్ళకే?" అని ఒకామె. "మీ ఆయన్ని కూడా కాడికి కట్టకపోయావా!" అని ఇంకొకామె. ఈవిడ కిటికీలోంచి అందరికీ జవాబులు చెబుతూనే ఉంది. నేను తల వంచుకుని నడిచాను.

బోర్డు హద్దు దాటాక, ప్లాను అడిగేవాడు లేని చోట, డొంక పక్కన పోరంబోకులో ఆపాం. ఎడ్లు విప్పామో లేదో తొలకరి విరుచుకుపడింది. పల్నాడు నల్లరేగడి సంగతి తెలిసిందేగా. తెల్లారేసరికి నాలుగు చక్రాలూ ఇరుసు దాకా దిగబడ్డాయి, గది ఒక పక్కకు ఒరిగింది. ఆరు జతల ఎడ్లు తెచ్చినా కదలదన్నాడు బావమరిది.

నాకు ఏడుపొక్కటే తక్కువ. "చూడవే, వంకరగా కూలబడింది," అన్నాను.

"నీకంటే తిన్నగానే ఉందిలే," అని చీర చెంగు బొడ్లో దోపుకుంది. బురదలో గడ్డి కలిపి, చక్రాలు కనపడకుండా చుట్టూ అరుగు మెత్తటం మొదలుపెట్టింది. "నిలబడి చూస్తావేంది? గడ్డి అందుకో."