ఏడు నుండి ఎనిమిది వరకు బంద్

నా భార్య నాతో మాట్లాడటం మానేసింది. అలిగి కాదు, అలిగితే కనీసం నిందించడానికైనా నోరు విప్పేది. టీవీ వల్ల మానేసింది. జీవితమంతా కచేరీలో కాగితాలు రాసినవాణ్ణి కనుక ఆధారం లేకుండా ఆరోపణ చేయను. ఒక వారం పాటు, సాయంత్రం ఏడు నుండి ఎనిమిది వరకు ఇంట్లో ఎవరు ఎవరితో ఏమన్నారో నోటుబుక్కులో నమోదు చేశాను. కొడుకు సెల్‌ఫోన్‌లో స్నేహితులతో మాట్లాడాడు. కోడలు తన ఫోన్‌లో వాళ్ల అమ్మతో మాట్లాడింది. నా భార్య సీరియల్లోని అత్తగారిని రోజూ తిట్టింది. నా వంతుకు వచ్చినది ఒకే వాక్యం: "జర పక్కకు జరుగుండ్రి, కనవడ్తలేదు."

ఒకప్పుడు అదే వేళకు ఆమె వీధి సంగతులన్నీ నాకు చెప్పేది. ఎవరి నడక వాళ్లలాగే నడిచి చూపేది. పై అధికారుల ముందు నవ్వకూడదని నేర్చుకున్న నా మొహం ఆ గంటలోనే సడలేది. ఆ గంట నాకు తిరిగి కావాలి.

అందుచేత ఉత్తర్వు తయారు చేశాను: "రేపు సాయంత్రం ఏడు నుండి ఎనిమిది వరకు బంద్. అందరూ సహకరించవలెను." టీవీ, ఫోన్లు అని విడిగా రాయలేదు. మా మెదక్‌లో లైటు బంద్ చేస్తారు, ఫ్యాను బంద్ చేస్తారు, నోరు కూడా బంద్ చేయమంటారు, అర్థం కాకపోదనుకున్నాను. కార్బన్ పెట్టి రెండు ప్రతులు తీశాను. ఒకటి టీవీ పక్కన అంటించాను. ఆ వేళకు ఎవరూ వచ్చి తలుపు తట్టకుండా రెండోది వీధి తలుపు మీద అంటించాను.

"బంద్ అంటే దవాఖానకు, పాలకు మినహాయింపు ఉంటది గద బాపూ? నా ఫోన్‌కు గూడ గట్లనే ఇయ్యి," అన్నాడు కొడుకు.

"నీ ఫోన్‌ల పేషెంట్లున్నరా, బర్రెలున్నయా?" అన్నాను.

నా భార్య ఆ కాగితం వైపు చూడనే లేదు. అది తెర మీద కాక తెర పక్కన ఉండటమే కారణం.

వీధి తలుపు మీది ప్రతి నా కొంప ముంచింది. అవి ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం సాగుతున్న రోజులు. బంద్ అన్న కాగితం కనిపిస్తే షట్టర్లు దిగేవి. ఎవరు పిలిచారని అడగటం ఎవరికీ క్షేమం కాదు. మర్నాడు ఏడు కాకముందే ఎదురింటి కిరాణా ఆయన షట్టరు దించాడు. ఆయనను చూసి దర్జీ, దర్జీని చూసి మిర్చీ బండివాడు మూసేశారు. చివరికి కేబుల్ ఆయన వీధి మొత్తానికి టీవీ ఆపేశాడు.

నేను బయటికి పరుగెత్తాను. "గిది మా ఇంటి బంద్! దుకాణం తెరువు!"

"సార్, మీరు కచేరీల చేసినోళ్లు, మీకు ముందే తెలుస్తది," అన్నాడు కిరాణా ఆయన, తాళం రెండోసారి లాగి చూస్తూ. "ఎవరు పెట్టిండ్రో చెప్పకుంటే చెప్పకుండ్రి. నా షట్టర్‌కు సొట్ట వడొద్దు, గంతే. జై తెలంగాణ!"

"జై తెలంగాణ" అని నేనూ అనక తప్పలేదు. దాంతో నా ఖండన రద్దయింది.

సీరియల్ ఆగిపోయిన ఆడవాళ్లంతా మా అరుగు మీదికి చేరారు. వాళ్ల నడుమ నా భార్య. కేబుల్ ఆయన మీద తిట్లన్నీ అయిపోయాక ఆమె లేచి, కిరాణా ఆయన తాళం లాగి చూసే తీరు చేసి చూపింది. ఆ తర్వాత నా వంతు: కళ్లజోడు ముక్కు చివరికి దించినట్టు, మెడ వంచి గాలిలోనే నోటుబుక్కు రాసింది. కోడలు ఫోన్ పక్కన పడేసి పొట్ట పట్టుకుని నవ్వింది. నేను గుమ్మం వెనక నిలబడి చూస్తూ విన్నాను. పోయిన గొంతు దొరికింది గానీ, దాన్ని వీధి మొత్తంతో పంచుకోవలసి వచ్చింది.

ఎనిమిదికి కేబుల్ వచ్చింది, అరుగు ఖాళీ అయింది. లోపలికి వస్తూ నా భార్య టీవీ పక్కనున్న కాగితం మొదటిసారి చదివింది.

"గీ బంద్ పెట్టింది మీరేనా?"

"నేనే."

"ఎందుకు?"

"నువ్వు నాతోని మాట్లాడ్తలేవు."

"గది నోటితోని చెప్తే అయిపోతుండె గద! కార్బన్ పెట్టి రాసుడెందుకు?"

"అయితే రేపటి సంది—"

"రేపు కాదు. సీరియల్‌ల పెండ్లి నడుస్తున్నది. అయిపోనియ్యుండ్రి."

ఆ పెళ్లి పదకొండు రోజులు సాగింది. అంత నిదానంగా తాళి కట్టిన పెళ్లికొడుకును నేను ఎక్కడా చూడలేదు. పన్నెండో రోజు ఏడింటికి ఆమె టీవీ ఆపింది. కొడుకు, కోడలి చేతుల్లోని ఫోన్లు లాక్కుని చాటలో వేసింది. చీర కుచ్చెళ్లు సర్దుకుని మా ముగ్గురి ఎదుట కూర్చుని, నా వైపు తిరిగింది.

"ఇయ్యాల దర్జీ పెండ్లాం ఏమన్నదో తెల్సా?"