మా అక్క తోటలో చమురు చూడబోయి

జూన్ నెలలో ఒక సాయంత్రం మా సుగుణక్క ఫోన్ చేసింది. "రేయ్ చలపతీ, మన తోటలో నూనె పడిందంట. ఒకాయన వచ్చి సంతకం పెట్టమంటా ఉండాడు. నువ్వు వచ్చి సూసి చెప్పినాకే పెడతా. రేపు పొద్దన్నే బయల్దేరు," అంది. ఏ నూనె, ఎవరాయన అని అడిగేలోపే పెట్టేసింది. మా అక్క ఫోన్‌లో అంతే, తను చెప్పేది అయిపోతే అవతలివాళ్లది కూడా అయిపోయినట్టే.

నేను గోదావరి జిల్లాల్లో చమురు రిగ్గుల మీద పనిచేసి రిటైరై తిరుపతిలో స్థిరపడ్డవాణ్ణి. చివరి ఏళ్లన్నీ అడ్డంగా తవ్వే బావుల మీదే గడిచాయి. పుట్టింది మాత్రం చిత్తూరు దగ్గరే. ఏ పెళ్లికి వెళ్లినా "మన పక్క పెట్రోలు పడదా అబ్బా?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. పడదని చెప్పి నవ్వేవాణ్ణి. ఇప్పుడు సొంత అక్క తోటలోనే పడిందంటే వెళ్లక తప్పుతుందా?

మర్నాడు ఆరు గంటలకల్లా తిరుపతి బస్టాండులో ఉన్నాను. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట. చిత్తూరు బస్సులు వెంటవెంటనే ఉంటాయి గానీ ఆడవాళ్లకు టికెట్ లేకుండా చేశాక సీటు దొరకడం కష్టం. తెల్లవారుతూనే వెళ్తే కిటికీ పక్కన కూర్చోవచ్చు. నాకు దొరికింది. నా పక్కన కాణిపాకం వెళ్తున్న ఒక పెద్దావిడ కూర్చుంది. ఒళ్లో కొబ్బరికాయల సంచి. నేను ఫోన్‌లో మా ఆవిడతో "నూనె సంగతి తేల్చుకుని వస్తా" అనడం విని, నేను ఫోన్ పెట్టగానే అడిగింది.

"గానుగ నూనెనా నాయనా? ఇప్పుడు అంతా కల్తీనే. సూసి తీసుకో."

"కాదమ్మా, భూమిలోంచి వచ్చే నూనె."

ఆవిడ నన్ను కిందికీ పైకీ చూసి, "అయితే కాణిపాకంలో దిగి దణ్ణం పెట్టుకుని పో," అంది. నమ్మలేదో, నా మీద జాలిపడిందో తెలియలేదు.

చంద్రగిరి దాటాక కొండలు దగ్గరికి వచ్చి, మళ్లీ దూరం జరిగాయి. రాత్రి వాన పడినట్టుంది, దారి పక్క చేలన్నీ ముదురు ఎరుపులో ఉన్నాయి. ఎనిమిదిన్నర ప్రాంతంలో చిత్తూరులో దిగి, బస్టాండు ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో ఇడ్లీ, శెనక్కాయ చట్నీ తిన్నాను. ఇక్కడి చట్నీ కోసమైనా ఒకసారి దిగాలి. తర్వాత పలమనేరు వెళ్లే బస్సు ఎక్కాను.

బంగారుపాళ్యం ఇంకా రాకముందే బస్సు నెమ్మదించింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడి ఉన్నాయి. ట్రాక్టర్ల నీడలో డ్రైవర్లు తువ్వాళ్లు పరుచుకుని పడుకున్నారు. గాలి నిండా మాగిన మామిడి వాసన. కండక్టర్ కిటికీలోంచి ఒక డ్రైవర్‌ను పలకరించాడు. "ఎప్పుడొచ్చినావప్పా?" "నిన్న పొద్దున. నా బండి లోపలికి పొయ్యేలోపు కాయలే నడిసి పోయేట్టుండాయి," అన్నాడతను. బస్సంతా నవ్వింది.

బంగారుపాళ్యంలో అక్క నాకోసం ఆటో పంపిస్తానంది. కానీ నేను దిగేసరికి మోటార్‌సైకిల్ మీద మునిరత్నం ఎదురుచూస్తున్నాడు. అక్క మామిడితోటకు ఆనుకునే ఉన్న తోట అతనిది. మా బావ పోయినప్పటినుంచి అక్కకు అన్నింట్లో తోడుగా నిలిచిన మనిషి. అక్కను వదినా అంటాడు, నన్ను బావా అంటాడు.

"ఎక్కు బావా. ముందు మా ఇంట్లో కాఫీ తాగి పోదువుగాని."

"అక్క ఆటో పంపిస్తానంది కదప్పా?"

"ఆటోని నేనే ఎనక్కి పంపేసినా," అన్నాడు, సిగ్గుపడుతూనే. "నా మాట కూడా ఒకసారి వినాల కదా నువ్వు. వదిన నాతో మాట్లాడి పది దినాలైంది. తన బోరు నుంచి మా తోటకిచ్చే మోటరు నీళ్లు కూడా ఆపేసింది."

విషయం దారిలో తెలిసింది. అక్క బోరు దగ్గర నీళ్లు నిలిచే గుంటలో ఇంద్రధనుస్సు రంగుల పొర తేలుతోంది. దాన్ని ఎవరో ఫోన్‌లో తీసి నలుగురికీ పంపారు. నాలుగో రోజుకల్లా తెల్ల కారులో, చమురు కంపెనీ ఏజెంటునంటూ ఒకాయన దిగాడు. కింద చమురు ఉందని, ఒక్క చెట్టు కొట్టకుండా రోడ్డు పక్కనుంచే తవ్వి, అడ్డంగా తోటల కిందికి పైపు పంపిస్తామని చెప్పాడు. వేరే దేశంలో రైతులు కూర్చున్నచోటే చమురులో వాటా తింటున్న వీడియో చూపించాడు. బావి రోడ్డు పక్కనున్న మునిరత్నం పొలంలో మొదలై అక్క తోట కిందికి వెళ్తుందన్నాడు. అక్కడే వచ్చింది తగాదా.

"బావి నా భూమిలో ఉంటాది. వాటా నాకు ఎక్కువ రావాల్నా, లేదా? నువ్వే చెప్పు."

"మా అక్క ఏమంటుంది?"

"నూనె నాది, నీది ఒట్టి బొక్కేనంటాది!"

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. మునిరత్నం కూడా నవ్వాడు గానీ, మోటార్‌సైకిల్ తన ఇంటి దగ్గరే ఆపాడు. అతని భార్య దొరసాని కాఫీ ఇచ్చి, "నీళ్లు లేక అంటుమొక్కలు వాడిపోతా ఉండాయన్నా. నూనె సంగతి నాకొద్దు, అక్కకు చెప్పి నీళ్లు ఇడిపించు," అంది. కాఫీ సగంలో ఉండగానే మా అక్క గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది. మునిరత్నం వైపు చూడలేదు.

"తోడబుట్టినోణ్ణి నేను పిలిస్తే, కాఫీ ఈడ తాగతా ఉండావా?"

గ్లాసు కింద పెట్టి లేచాను.

ముగ్గురం కలిసి, అంటే మధ్యలో నేను, అటూ ఇటూ వాళ్లిద్దరూ, తోటలోకి నడిచాం. గుంటలో నీళ్ల మీద నిజంగానే నీలం, ఊదా, బంగారు రంగుల పొర మెరుస్తోంది. వంగి వాసన చూశాను. కిరసనాయిలు వాసన లేదు, తుప్పు వాసన ఉంది. ఒక పుల్ల తీసుకుని పొరను గుచ్చాను. అది పలుచటి గాజులా ముక్కలైంది. ముక్కలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

"నూనె అయితే పుల్ల తీయగానే మళ్లీ కలుసుకుంటుందక్కా. ఇది ఇనుము ఎక్కువున్న నీళ్ల మీద కట్టే పొర. మన పాత బోరు పైపు తుప్పు పట్టింది."

అక్క నా చేతిలోంచి పుల్ల లాక్కుని తానే గుచ్చింది. తర్వాత మునిరత్నం గుచ్చాడు. కాసేపు ఇద్దరూ చెరో పుల్లతో ఆ గుంటంతా కలియబెట్టారు.

"అయితే అడుగున కూడా లేదా?" అంది అక్క.

"నువ్వు బోర్లు వేయించినప్పుడు ఏం వచ్చింది?"

"రాయి. ఎంత దింపినా రాయే."

"చమురు ఉండేది పొరలు పొరలుగా పేరుకున్న మెత్తటి రాళ్లలో. ఇది అట్లాంటి నేల కాదు."

అక్క ముఖం చిన్నబోయింది. ఎందుకంత ఆశపడ్డావని అడిగితే, "మన ఊరిపేరు పక్కన నూనెబావి అని రాస్తారనుకున్నా. ప్రతి ఏడూ ఫ్యాక్టరీ కాడ కాయలు పెట్టుకుని నిలబడేదేనా బతుకంతా?" అంది.

మధ్యాహ్నం రాగి సంగటి, మామిడికాయ పప్పు. భోజనం అక్క ఇంట్లోనే గానీ మునిరత్నాన్ని నేనే పట్టుబట్టి కూర్చోబెట్టాను. అక్క అతనికి వడ్డించింది. అడక్కుండానే రెండో ముద్ద కూడా వేసింది. మాట మాత్రం లేదు.

"అడ్డంగా తవ్వేది మాత్రం నిజమేనా బావా? ఇనప పైపు ఎట్ల ఒంగతాది?" అన్నాడు మునిరత్నం.

మూలన ఉన్న డ్రిప్పు పైపు తెచ్చి చూపించాను. చిన్న ముక్క వంగలేదు. బారెడు పైపు పట్టుకుంటే తనంతట తానే వంగింది. "ఇంతే. పైపులు ఒకదానికొకటి బిగించుకుంటూ చాలా లోతుకు దిగుతాం. ఆ పొడవులో ఇనుము కూడా వంగుతుంది. మెల్లగా తిప్పి, చమురు ఉన్న పొర వెంట అడ్డంగా పోతాం. పైన ఉన్నవాడికి తెలియను కూడా తెలియదు."

"మరి వాటా?"

"మన దేశంలో నేల కింది చమురు, గ్యాసు రైతువి కావప్పా, సర్కారువి. రిగ్గు పెట్టిన చోటుకు, దారికి, పాడైన పంటకు పరిహారం ఇస్తారు. కింద అడ్డంగా పోయినందుకు ఏమీ రాదు. నీకు చూపించిన వీడియో ఉందే, ఆ దేశంలో కింద ఉన్నది కూడా భూమిగలాయనదే. అందుకే వాళ్లకు వాటా."

కోనసీమలో జరిగింది చెప్పాను. ఒకాయన కొబ్బరితోటలో మా రిగ్గు పెట్టాం. ఆయనకు ఆ చోటుకు పరిహారం వచ్చింది. బావి మాత్రం పక్కాయన తోట కిందికి వెళ్లింది. ఆ పక్కాయన రోజూ సాయంత్రం వచ్చి, చెట్టు మొదట్లో నేలకు చెవి ఆనించి, "ఇప్పుడు ఏ చెట్టు కింద ఉందండీ?" అని మమ్మల్ని అడిగేవాడు. మేం చెట్టు చూపిస్తే దానికి పసుపు బొట్టు పెట్టేవాడు. ఆయనకు మా బావి వల్ల వచ్చింది ఆ ముచ్చటే.

అక్క పక్కున నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయి, "రేయ్, ఒక సంగతి," అంది. "ఆ ఏజెంటు నీళ్లకాడ నిలబడనే లేదు. వచ్చినప్పుడల్లా మన గుట్ట ఎక్కి, బండ మీద సుత్తితో కొట్టి, ఆ ముక్కలు జేబులో ఏసుకుంటా ఉన్నాడు."

అక్క తోట చివర నల్లరాతి గుట్ట ఉంది. ఈ పక్క నల్లరాయికి, అంటే గ్రానైటుకు, ఎంత గిరాకీయో నాకంటే వాళ్లకే బాగా తెలుసు. చమురు లాంటిది కాదిది. పట్టా భూమిలో రాయి తీయాలంటే ఆ రైతు ఒప్పుకోవాలి. ఒకసారి ఒప్పుకుని సంతకం పెడితే చెట్లు, గుట్ట, బోరు అన్నీ పేలుళ్ల మధ్యలోనే. అతనికి కావాల్సింది నూనె కాదు, గుట్ట అని ముగ్గురికీ అర్థమైంది. అన్నం చేతులు ఎండిపోయాయి.

నాలుగింటికి ఆ ఏజెంటు వచ్చాడు. కారు చూసి దొరసాని కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇస్త్రీ చొక్కా, మంచి మాట. నన్ను పరిచయం చేశాక కూడా బెదరలేదు. బావిని ఎక్కడ వంచుతారని అడిగితే, "అదంతా మిషనే చూసుకుంటుంది సార్," అన్నాడు. గుట్ట గురించి అడిగితే, "అది సర్వే," అన్నాడు. ఇంకేదో అడగబోతుంటే మా అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇన్ని మాటలు ఎందుకు నాయనా? మాకు వద్దని లేదు. రేపు పొద్దన్నే కాణిపాకం పోదాం. కోనేట్లో మునిగి, ఈ నేలలో నూనె ఉండాది, నాకు కావాల్సింది నూనేనని సామి ముందర ప్రమాణం చెయ్. ఆడే సంతకం పెడతా."

ఈ పక్క కాణిపాకం ప్రమాణం అంటే ఆషామాషీ కాదు, అబద్ధపు ప్రమాణం చేస్తే అక్కడి వినాయకుడు ఊరుకోడని నమ్మకం. అతను నవ్వాడు, తప్పకుండా వస్తానన్నాడు. కారు మాత్రం వచ్చినదానికంటే వేగంగా వెళ్లింది.

మర్నాడు పొద్దున ఆటోలో నలుగురం కాణిపాకం చేరాం. అక్క, దొరసాని వెనక సీట్లో, మేమిద్దరం డ్రైవర్‌కు చెరో పక్క. గుడి ముందు కొబ్బరికాయల అంగడి దగ్గర ఏజెంటు కోసం చాలాసేపు చూశాం. మునిరత్నం ఫోన్ చేశాడు. మొదట మోగింది. రెండోసారి స్విచ్ఛాఫ్.

"రాడులే. రమ్మంటే మొగమంతా సెమట పట్టింది," అంది దొరసాని.

అంగడామె అడిగింది, "ఎవరైనా ప్రమాణం చేయాల్నామ్మా?"

"చేసేవాడు పారిపోయినాడు. మేం ఊరికే దణ్ణం పెట్టుకుని పోతాం," అంది అక్క.

క్యూలో నాకంటే ముందు అక్క, ఆమె ముందు మునిరత్నం. చాలాసేపు అతని వీపు వంకే చూస్తూ నిలబడిన అక్క, "మునిరత్నం, ఆ బొక్క మాట నేను అనుండకూడదు," అంది.

అతను వెనక్కి తిరిగాడు. "నేను కూడా ఆటోని ఎనక్కి పంపుండకూడదు వదినా."

"అది మాత్రం తప్పే."

"నిజంగా నూనె పడుంటే ఏం చేసేవాళ్లం వదినా?"

"కొట్టుకుని సచ్చేవాళ్లం," అంది అక్క. ముందూ వెనకా ఉన్న భక్తులు తిరిగి చూసేటంతగా ఇద్దరూ నవ్వారు. దర్శనం అయి బయటికి రాగానే అక్క ఫోన్ తీసి, తోటలో పనిచేసే మనిషికి మోటారు వేసి మునిరత్నం అంటుమొక్కలకు నీళ్లు వదలమని చెప్పింది. దొరసాని చెంగుతో కళ్లు తుడుచుకుంది.

నన్ను తిరుపతి బస్సు ఎక్కించడానికి ముగ్గురూ వచ్చారు. తుప్పు పట్టిన పైపు మార్పించమని అక్కకు మరోసారి చెప్పాను. గుట్ట కోసం ఇంకొకరు వచ్చినా, ఇద్దరూ కలిసి కూర్చుని విన్నాకే జవాబు చెప్పమన్నాను. "వదినకు చెప్పకుండా నేను కాఫీ కూడా తాగను బావా," అన్నాడు మునిరత్నం. బస్సు కదిలింది.

సీటు దొరకలేదు. పూతలపట్టు దాకా నిలబడే వచ్చాను. రిగ్గుల మీద ఉన్నన్నాళ్లూ నేల కింద ఏముందో కనిపెట్టడమే నా ఉద్యోగం. పైన ఉన్నవాళ్ల గురించి పెద్దగా ఆలోచించింది లేదు. పైపు వాళ్ల కింద నుంచి వెళ్లేది, మేం వెళ్లిపోయేవాళ్లం. కోనసీమలో నేలకు చెవి ఆనించి పడుకున్న ఆ పెద్దమనిషి దగ్గర ఒక్కసారైనా కూర్చుని మాట్లాడి ఉండాల్సిందనిపించింది. కిటికీ బయట మామిడి తోటలు ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి. ఏ తోట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో బస్సులోంచి చూస్తే తెలియడం లేదు.